మసీదులో విదిక్కు బండలు

పెద్ద ఈరన్న పరిచిన బండ మీద గోలీకాయ పెడితే పెట్టినచోటే ఉంటుందని ఆదోని దాకా పేరు. ఆ మాటను అందరికంటే ఎక్కువసార్లు చెప్పేది ఈరన్నే. ఊళ్లో కొత్త మసీదుకు గోడలు లేపిన బేల్దారి ఆయనే. రెండువేల ఆరు ఎండాకాలంలో లోపలి నేల కూడా ఆయన చేతే వేయించాలని బేతంచెర్ల బండలు దించారు. నమాజుకు జనం వరసగా నిలబడేందుకు మధ్యమధ్య నల్ల కడప బండ పట్టీలు రావాలి.

మొదటి బండ పడకముందే హాజీ ఖాసింసాబు అడ్డం వచ్చాడు. ఆ ఏడే మక్కాకు పోయివచ్చిన పెద్దమనిషి.

"ఈరన్నా, మనం నిలబడాల్సింది వట్టి పడమటికి కాదప్పా. మక్కాలో కాబా యాడుంటే ఆడికి. అది రవ్వంత ఉత్తరానికి ఒరిగి ఉండాదంట."

"పడమర అని చెప్పింది మీరే గదా సాబూ. నేను నూలు పట్టి కట్టినా. నా గోడ తప్పంటావా?"

"అనేదెందుకు? చూస్తే పాయె."

ఏడాదిలో రెండుమార్లు సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిమీదికి వస్తాడనీ, ఆ గడియలో ఇక్కడ పడే నీడకు ఎదురు దిక్కున కాబా ఉంటుందనీ హజ్‌లో ఎవరో ఆయనకు చెప్పారట. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ మధ్యాహ్నం రానే వచ్చింది. ఇమాం నిలబడే గూడు నడిమి నుంచి వాకిలి మీదుగా ముందరి బయలు దాకా ఈరన్న నూలు లాగి, బయలు నడుమ దానికి తూకపు గుండు వేలాడదీశాడు. నీడ నూలు వెంబడే పోతుందని మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

పోలేదు. నూలును విడిచి దక్షిణానికి జరిగింది. హాజీ ఆ నీడ వెంబడే మేకులు కొట్టించాడు.

"గోడలు పడగొట్టల్లేమో," అన్నాడు గుంపులో ఒకడు. ఈరన్న గుండె జారింది. మొహం మాత్రం జారనివ్వలేదు.

"ఏం అక్కర్లేదు," అన్నాడు హాజీ. "ఇంత తేడాకు నమాజు చెడదని మా పెద్దలు చెప్తారు. తెలిసినాక వరసలన్నా సరిగ్గా పెట్టుకుందాం. గోడలు ఉన్నట్టే ఉండనీ. బండలు ఓరగా పరుచు."

"విదిక్కుకా!" ఈరన్న ఎగిరిపడ్డాడు. దిక్కులకు సరిగ్గా నిలవకుండా మూలలకు తిరిగిన దాన్ని విదిక్కు అంటారు. అటువంటి స్థలంలో పునాది తీయడానికి ఆయన తాతనాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. "గోడ ఒక దారి, బండ ఒక దారి పోతే కుక్కలు గూడ నన్ను చూసి నవ్వుతాయి. ఇంకెవరినన్నా పిలుచుకో సాబూ."

పొద్దు వాలాక హాజీ ఈరన్న ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఈరన్న భార్య ఉరుకుందమ్మ టీ తెచ్చిచ్చింది.

"దేవుణ్ణి తలుచుకునేదానికి లోకంలో లేచిన మొట్టమొదటి ఇల్లు ఆ కాబా, ఈరన్నా. ఇబ్రహీం ప్రవక్తా ఆయన కొడుకు ఇస్మాయిలూ కలిసి ఆ గోడలు లేపినారు. కొడుకు రాళ్లు అందిస్తాంటే తండ్రి పేర్చినాడు. గోడ ఎత్తయినాక ఒక రాయి ఎక్కి నిలబడి కట్టినాడు. ఆ రాయిని ఇప్పటికీ దాచిపెట్టినారు, చూసొచ్చినా."

"అయితే ఆయన గూడ బేల్దారేనా!" ఈరన్న ముందుకు జరిగాడు. పనివాడికి పుట్టే అనుమానమే ఆయనకూ పుట్టింది. "గోడలు దిక్కులకు సరిగ్గా నిలిపినాడా?"

"లేదప్పా. ఆ ఇంటికి మూలలే దిక్కులకు ఉండాయి, గోడలు కాదు."

ఈరన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే... విదిక్కు?"

"మీ లెక్కలో విదిక్కే."

ఉరుకుందమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "లోకంలో ఇంతమంది దానికి తిరిగి మొక్కుతాండారు. నువ్వు దిక్కులకు సరిగ్గా కట్టినావు గదా ఈ అరుగు, దీనికి ఎవరన్నా మొక్కినారా?"

హాజీ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఈరన్న కూడా పగలబడి నవ్వాడు.

"సరే సాబూ. అంత పెద్ద బేల్దారే మూలకు కట్టినంక నాదేముండాది?"

నీడ చూపిన గీతనే పట్టుకుని ఈరన్న బండలు పరిచాడు. గోడల వెంబడి మిగిలిన ముక్కోణాలకు ఒక్కో బండనూ విడిగా కోసి, గోరు దూరనంత బిగువుగా కూర్చాడు. సగం కష్టం అక్కడే పట్టింది.

పక్క ఊరి బేల్దారి ఏసేపు ఈ సంగతి విని పనిగట్టుకుని చూడవచ్చాడు. వాకిట్లో నిలబడి ఈల వేశాడు.

"ఏమప్పా ఈరన్నా, కండ్లకు పొరలు కమ్మినాయా? బండలన్నీ వంకరే గదా!"

ఈరన్న లోపలి నుంచి నూలుండ తెచ్చాడు. నీడ పడినప్పుడు బయట కొట్టిన మేకులకు నూలు కట్టి, దాన్నట్లే వాకిలి గుండా లోపలికి లాగాడు. మూలలు సరిచూసే మూలమట్టం ఏసేపు చేతికిచ్చాడు. ఏసేపు దాన్ని నూలుకు ఆనించి ఒక్కో నల్ల పట్టీ దగ్గరా వంగి చూశాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. చివరి వరస దాకా పోయి, నడుము పట్టుకుని లేచాడు.

"మరి వంకర యాడుండాదప్పా?"

"గోడల్లో," అన్నాడు ఈరన్న మీసం దువ్వుకుంటూ. "అవి కట్టినోడూ ఈరన్నే, ఇవి పరిచినోడూ ఈరన్నే. ఎవర్ని తిడతావో తిట్టుకో. ముందు గోలీకాయ ఉంటే తీయి."