బండ ఆరేదాకా

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పితే దిద్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే పది రోజులు పట్టింది, ఆలస్యానికి కూడా మన్నించండి.

తాండూరులో చంద్రవ్వది చిన్న బండల పాలిష్ షెడ్డు. ఉన్నది ఒక్కటే మిషను. పెనిమిటి మొగులప్ప పోయాక నాలుగేళ్ళు తానే నడిపింది. అందరూ టైల్స్ వేయించుకుంటుంటే, ఈ ఏడు మిషను తిరిగిన రోజుల కంటే ఊరకే ఉన్న రోజులే ఎక్కువ. చివరికి అమ్మడానికి ఒప్పుకుంది. శుక్రవారం, కొన్న కిష్టయ్య వచ్చి మిషను విప్పుకుపోతాడు.

సోమవారం వికారాబాద్ నుంచి చెల్లెలి కూతురు రచన వచ్చింది. చిన్న దుకాణాలను ఇంటర్నెట్‌లో పెట్టడమే ఆ పిల్ల పని.

"పెద్దమ్మా, శుక్రారం దాక టైమియ్యి. నీ షెడ్డును దేశమంత చూసేటట్టు చేస్త."

"మా గల్లీలోళ్ళే చూస్తలేరు, దేశం చూస్తదా?"

రచన ఫోనులో మ్యాపు తెరిచింది. మబ్బుల్లోంచి చూసినట్టు తాండూరు. వేళ్ళతో దగ్గరికి లాగితే రేకుల కప్పు, దాని మీద నీలం తాటిపత్రి పట్టా కనిపించాయి. వానకు కారుతుంటే చంద్రవ్వే ఎక్కి కప్పిన తాటిపత్రి అది.

"గిది నాదే! గంత పైకెవరెక్కి చూసిండ్రే?" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఆ కప్పు మీదే రచన గుర్తు పెట్టి, 'మొగులప్ప బండలు' అని రాసింది. బోర్డే లేని షెడ్డుకు ఆకాశంలో పేరు పడింది.

తర్వాత వీడియో. చంద్రవ్వ ఏ బేరానికైనా చేసినట్టే ఎండలో ఎనిమిది బండలు పరిచి చెంబుతో నీళ్ళు పోసింది. దుమ్ము పోయి బండలు వానమబ్బు రంగు తేలాయి.

"అబ్బ! గింత చాలు."

వీడియో ఆపబోతున్న రచన చెయ్యి చంద్రవ్వ పట్టుకుంది. "ఆపకు. ఆరనియ్యి."

తడి మీద ప్రతి బండా అందంగానే ఉంటుంది. పగులుంటే ఆ గీతలో నీరు నిలిచి, అన్నిటికన్నా చివర ఆరుతుంది. కొనేవాడి కళ్ళముందు ఆరకుండా మొగులప్ప ఏ బండనూ అమ్మలేదు.

"ఆరేదాక ఎవరు చూస్తరు పెద్దమ్మా? జనానికి అర నిమిషం గూడ ఓపికుండది."

"కొనెటోడు చూస్తడు."

పదకొండు నిమిషాలు పట్టింది. మూడో బండ మీద వెంట్రుకంత నల్ల గీత మిగిలింది. "ఇది పగిలింది" అని చంద్రవ్వ దాన్ని పక్కకు ఈడ్చింది. రచన నిట్టూర్చి, అదంతా ఉన్నదున్నట్టే, కింద చంద్రవ్వ ఫోను నంబరుతో ఇంటర్నెట్‌లో పెట్టింది.

బుధవారానికి రెండువేల మంది చూశారు.

"రెండువేలా! గంతమంది వస్తే చాయ్ ఎట్ల పోద్దునే?"

"ఎవ్వరు రారు. ఉన్నకాడికెళ్ళే ఫోన్ల చూస్తరు" అని రచన పడీ పడీ నవ్వింది.

కానీ ఫోను మోగలేదు. గురువారం కూడా అంతే. సాయంత్రం చంద్రవ్వ మిషనును గుడ్డతో తుడిచి పెట్టింది.

శుక్రవారం పొద్దున కిష్టయ్య పానా తీసి మొదటి బోల్టు పట్టాడు. అప్పుడు మోగింది. ఎవరో కేరళ నుంచి, వచ్చీ రాని హిందీలో మాట్లాడుతున్నాడు. చంద్రవ్వకు హిందీ బాగానే తెలుసు. సముద్రం పక్క ఊళ్ళో బడి వరండాకు నాలుగు వందల బండలు కావాలట.

"మొత్తం చూశానమ్మా. మూడో బండ తీసేశారే, అందుకే ఫోను చేశాను. అలాంటివి తీసేసి పాలిష్ పట్టండి. లారీ నేను పంపిస్తా."

చంద్రవ్వ సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ ఒడ్డున తన ముఖం తెలియని మనిషి, తను పోసిన చెంబెడు నీళ్ళు ఆరేదాకా కూర్చున్నాడు. ఆమె ఫోను పెట్టేసి కిష్టయ్య వైపు తిరిగింది.

"అన్నా, పానా లోపలేస్కో."

"మాటిచ్చి గిట్ల చేస్తవా అక్కా?"

"తప్పే. తిట్టుకో. చాయ్ తాగి తిట్టుకో. మిషనుకు పనొచ్చింది."

అతను వదులు చేసిన బోల్టును తానే బిగించి, చంద్రవ్వ స్విచ్చి వేసింది.

— మార్త, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉండేది వికారాబాద్‌లో.