మేడ మీది కంప్యూటరు, కింది కంప్యూటరు

చియెన్ యుంగ్-ఫా మెట్ల మీద మోకాళ్లానించి, గోడ వెంట పాకిన తీగను వేళ్లతో తడుముతూ పైకి పోతున్నాడు. బక్కపలచని మనిషి. చెంపలు లోపలికి పోయాయి, వేలికొసలు కాయలు కాచాయి. ఒకప్పుడు కీలుంగ్ రేవు వీధిలో డబ్బా టీవీలు బాగుచేసేవాడు. వాటి కాలం చెల్లాక కంప్యూటర్లు పట్టుకున్నాడు. భార్య పోయిన తర్వాత ఇంట్లో మాట్లాడే తోడు లేక, యంత్రాలతోనే కబుర్లు అలవాటయ్యాయి.

"ఎక్కడ ఆగావే తల్లీ?" అన్నాడు తీగతో.

కింద లియావ్ షు-చెన్ బఠాణీలు ఒలుస్తోంది. మేడ మీద ఆమె తమ్ముడు గ్వో-షింగ్. తల్లి అంత్యక్రియలప్పుడు మాటామాటా పెరిగింది. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరికీ పలకరింపుల్లేవు. తల్లి వీడియోలన్నీ అక్క కంప్యూటర్లో ఉన్నాయి. అవి తమ్ముడికి కావాలి. అడగడానికి నోరు రాక చియెన్‌ను పిలిపించాడు.

"వీడియోలు చూసుకోమను మేస్త్రీ," అంది షు-చెన్. " కంప్యూటరు మాత్రం పైకి మోసుకుపోవద్దని చెప్పు."

"మీరే చెప్పొచ్చుగా అక్కయ్యా. మెట్లెక్కి దిగి నా మోకాళ్లు అరిగాయి."

ఆమె ఇంకో బఠాణీ కాయ ఒలిచింది.

"ఆవిడది విండోస్, నాది లినక్స్," అన్నాడు గ్వో-షింగ్ పైన. "ఆవిడ కంప్యూటరుకీ నాతో పడదు."

"వాటినెందుకు ఆడిపోసుకుంటారు? అవి ఇంకా ఒకదాన్నొకటి చూసుకోనే లేదు." బల్ల కింద కొత్త వైఫై పెట్టె కనిపించింది. "ఇదెందుకు కొన్నారు?"

"ఆవిడ పెట్టెతో నాకేం పని అని."

"అదే తంటా. ఒక ఇంట్లో రెండు కాపురాలయ్యాయి."

కొత్త పెట్టె సొంతంగా మరో నెట్‌వర్క్ నడపకుండా, కింది పెట్టె నుంచి వచ్చింది వచ్చినట్టు అందించేలా మార్చాడు. కిందికి దిగి చూస్తే, అక్క కంప్యూటరు సొంత ఇంటి నెట్‌వర్క్‌నే బజారనుకుని తలుపులు బిగించుకుంది. అది ఇల్లేనని దానికి చెప్పి, తల్లి వీడియోల ఫోల్డరు తెరిచి, తమ్ముడి పేరు చేర్చాడు. పాస్‌వర్డ్ అడిగింది. షు-చెన్ చేయి తుడుచుకుని తనే కొట్టింది.

"ఏం పెట్టారో ఆయనకు చెప్పాలి కదా."

"అమ్మ వాణ్ణి పిలిచే పేరు. వాడికి తెలుసు."

చియెన్ పైకెళ్లి అదే మాట చెప్పాడు. కిటికీ బయట వాన పడుతోంది. గ్వో-షింగ్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఫోల్డరు తెరుచుకుంది. వీడియోలో ముసలావిడ ఎవరినో అన్నానికి రమ్మని కేకేస్తోంది. కింద బఠాణీల చప్పుడు ఆగిపోయింది.

"సౌండు పెంచరా," షు-చెన్ గొంతు మెట్ల మీదుగా వచ్చింది.

"పెంచుతున్నానక్కా."

చియెన్ తీగ మడతలు సరిచేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు, చేయాల్సిన పనేమీ లేకపోయినా. ఆ పూట ముగ్గురూ ఒక బల్ల దగ్గరే చేప ఉండల సూపు తాగారు. అతను రెండు గిన్నెలు తాగి, బాగుందని ఒక్కమాట అన్నాడు. బయటికొచ్చేసరికి వాన వెలిసింది. ఎప్పుడూ ముసురు పట్టే కీలుంగ్‌లో అదొక వింత. ముఖం పైకెత్తి, ఎండలో నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కాడు.

చివరి స్టాపులో అందరూ దిగారు. కిటికీకి తల ఆనించి అతనొక్కడే మిగిలాడు. డ్రైవరు వచ్చి భుజం తట్టాడు, మళ్లీ తట్టాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు ఆసుపత్రిలో.

మరిచిపోయింది తీసుకెళ్లమని కొన్నాళ్లకు గ్వో-షింగ్ ఫోన్ చేస్తే చియెన్ చెల్లెలు తీసి సంగతి చెప్పింది. అతను దిగివచ్చి అక్కకు చెప్పాడు. ఇద్దరూ మెట్ల పక్కకు చూశారు.

మేకుకు చియెన్ పసుపు వానకోటు వేలాడుతోంది. తడి ఎప్పుడో ఆరిపోయింది గానీ, చేతులు ఇంకా మోచేతుల దగ్గర వంగే ఉన్నాయి.