పారఁబోసిన ద్రవము

శరత్ప్రభాతమున విశాఖసాగరతరంగములు బాలాతపకాంతిరంజితములై తీరశిలలను తాఁకి మరలుచుండఁగా కొండవాలునందలి వైద్యపరిశోధనాలయములో ఆచార్య మందాకినీదేవి సూక్ష్మదర్శినిపై శిరస్సు వంచి చాలసేపు కదలక కూర్చుండెను. ఆమె యెదుట గాజుపళ్లెరమున నిన్నటిదాఁక ఆరోగ్యవంతములై యుండిన మోకాలి మృదులాస్థికణములు నేఁడు శిథిలములై పడియుండెను.

కీళ్లరుగుదలచే రోగగ్రస్తములైన కణములు తమచుట్టునున్న ద్రవములోనికి నేత్రాగోచరములై చిన్నసంచులవంటివైన సూక్ష్మకోశములను విడుచుననియు, అవి వ్యాధిసందేశమును మోసికొనిపోయి పొరుగుకణములను చెఱచుననియు పరదేశపండితులు అంతకుముందే ప్రకటించియుండిరి. రుగ్ణకణముల ద్రవమును స్వహస్తములతో మంచికణములపై పోసి చూచి యది సత్యమని యామె నాఁడు రూఢిపఱచుకొనెను. కాని యా సత్యమామె హృదయమున ముల్లువలె గ్రుచ్చుకొనెను.

ఏలయన తొమ్మిదేండ్లక్రిందట ఈ మాటనే పాత్రలు కడుగుచు కణములకు ద్రవము మార్చుచుండిన పరిచారిక సన్యాసమ్మ చెప్పియుండెను. రుగ్ణకణములు పెరిగిన ద్రవమును పొరపాటున మంచికణములపై పోసి మూఁడవదినమున వచ్చి యామె భయవినయములతో విన్నవించెను.

“అమ్మగారూ, తప్పు నాదేనండి. గానీ ఆ నీరు తగిలాక మంచియి కూడా పాడైపోనాయి. ఆ నీటిలో ఏటో ఉందండి.”

“అది ఉత్త మురికి, సన్యాసమ్మా. పారబోసి పళ్లెం కడిగెయ్యి.”

అంతటితో నూరకుండక ఆచార్య ఆమెను మేడమెట్లు తుడుచు పనికి మార్పించెను. మోకాళ్లపై వ్రాలి నాలుగంతస్తుల మెట్లు తుడిచితుడిచి సన్యాసమ్మ ఏడవయేఁట నడువలేక పని మానుకొనెను. ఆ ద్రవము మాత్రము ప్రతిదినమును కాలువ పాలగుచునే యుండెను.

ద్రవపరీక్ష రూఢియైన నాఁటి మధ్యాహ్నమే మందాకినీదేవి జాలరిపేటలోని సన్యాసమ్మ యింటిని వెదకికొని పోయెను. సన్యాసమ్మ ముక్కాలిపీటపై కాళ్లు చాఁచి కూర్చుండియుండెను.

“నువ్వు చెప్పిందే నిజం, సన్యాసమ్మా. నేనే వినిపించుకోలేదు.”

సన్యాసమ్మ మోకాళ్లు నిమురుకొనుచు నడిగెను: “అయితే దీనికి మందొచ్చిందేటండి?”

“ఇంకా లేదు.”

“ఎన్నేళ్లు పడతాదండి?”

“ఆనాడే మొదలుపెట్టి ఉంటే ఈపాటికి వచ్చేదేమో, సన్యాసమ్మా.”

“పోన్లెండి. టీ పెడతాను, కూకోండి” అని సన్యాసమ్మ గోడ పట్టుకొని లేవఁబోఁగా మందాకినీదేవి చేయి యందించెను. ఆ చేతిపై తన భారమంతయు మోపి యామె మెల్లమెల్లగ నిలువఁబడుచుండఁగా మోకాళ్లు కఱకఱ మ్రోఁగెను. ఆ చప్పుడు ఆగువఱకు మందాకినీదేవి తన చేయి తీయలేదు.