ఓ.డి. అంటే కుడి కన్ను

పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు నేను చేసే మొదటి పని మా అత్తకి మాత్రలు సర్దడం. మా అత్త అప్పలమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. బీపీకి ఒకటి, షుగరుకి రెండు, థైరాయిడ్‌కి ఒకటి. ఆవిడ చీటీలో బీపీ మాత్ర ఎదురుగా ఓ.డి. అని రాసి ఉంటుంది, రోజుకొక్కసారి అని. ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నదాన్ని, ఆ చీటీ చూడకుండానే మాత్రలు పెట్టగలను. ఆ సోమవారం కూడా మాత్రలు గిన్నెలో వేస్తుంటే వరండాలోంచి మా ఆయన కృపానిధి పిలిచి చెప్పారు. ఈవేళ తనకి ఓ.డి. అట, టిఫిన్ బేగి పెట్టెయ్యాలట.

ఆయన ఓ.డి. వేరు. ఆయన హైస్కూల్లో సోషల్ మాష్టారు. బడి హాజరు పట్టీలో ఓ.డి. అంటే ఆన్ డ్యూటీ. మనిషి బడిలో లేకపోయినా పనిమీదే ఉన్నట్టు. పిల్లల్ని ఆటల పోటీలకి తీసుకెళ్తే ఓ.డి., శిక్షణకని విజయనగరం వెళ్తే ఓ.డి. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాక కూడా ఆయనకి అది వదలదు. "మాష్టారు ఇరవైనాలుగ్గంటలూ ఆన్ డ్యూటీయే" అంటూ పేపరు తిప్పుతారు. నేను కాఫీ గ్లాసు అందిస్తాను. ఆసుపత్రిలో ఎనిమిది గంటలు నిలబడి, వస్తూ వస్తూ కూరలు కొని, వచ్చి వండి, అంట్లు తోమి, అత్త మోకాళ్లకి నూనె రాసి నేను పడుకుంటే దానికి ఏ పట్టీలోనూ ఏ అక్షరమూ లేదు. నాకున్నవల్లా సి.ఎల్.లు. అవి కూడా నావి అనుకోవడమే గాని, ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో పెళ్లయినా వాటిమీదే అందరి కన్నూ ఉంటుంది. సెలవు చీటీలో కారణం అని ఒక గడి ఉంటుంది కదా, ఇన్నేళ్లూ అందులో ఒకటే రాశాను, అర్జెంట్ డొమెస్టిక్ వర్క్ అని. మొగుడూ పెళ్లాం ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్న ఇంట్లో డొమెస్టిక్ వర్క్ ఒక్క నాకే ఎందుకు అర్జెంటవుతుందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు లెండి.

ఆ రెండక్షరాలూ ఎక్కడపడితే అక్కడ తగులుతాయి. బోరు పైపు వెయ్యడానికొచ్చిన రాముడు మా పెరటి గోడ మీద పెన్సిల్‌తో ఓ.డి. అని రాసి పక్కన అంకె వేశాడు. అదేమిటంటే పైపు బయటి కొలతమ్మా అన్నాడు. క్యాజువాల్టీలో కేసు షీటు మీద ఓ.డి. కనబడితే మాత్రం చేతిలో పని అక్కడే వదిలి పరిగెడతాను. ఎవరో మోతాదు మించి మాత్రలు మింగేశారని. అలా నా చేతిమీదుగా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తేరుకున్నాక చెయ్యి పట్టుకుని ఏమైందమ్మా అని అడిగితే, ఏటీ లేదండి, తల్నొప్పి అంటారు. నేను కూడా ఎవరైనా అడిగితే అదే చెబుతాను. నాకు నిజంగానే తల్నొప్పి ఉండేది, కుడి కణత పక్కన.

నాలుగు నెలల కిందట మా ఆసుపత్రిలో కంటి శిబిరం పెట్టారు. విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరు అనూరాధగారు రోగులంతా అయిపోయాక సిబ్బందిని కూడా కూర్చోబెట్టి చూశారు. నా దగ్గర ఆగిపోయారు. కుడి కంట్లో ఒత్తిడి చాలా ఎక్కువగా ఉందన్నారు. చీటీ మీద మొదట ఓ.డి. అని రాశారు. కంటి డాక్టర్ల రాతలో అది కుడి కన్ను. దాని కింద చుక్కల మందు పేరు, పక్కన మళ్లీ ఓ.డి., అంటే రోజుకొక్కసారి. ఒకే చీటీలో రెండు ఓ.డి.లు చూసి నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. నెలలోపు విశాఖ వచ్చి ఆ కంటికి చూపు ఎంతమేర మిగిలిందో పరీక్ష చేయించుకోమన్నారు. "పోయిన చూపు మళ్లీ రాదు సిస్టర్. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి" అన్నారు.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను. మా ఆయన చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "రెండోది బాగానే ఉంది కదా" అన్నారు. చెడ్డ బుద్ధితో అనలేదు, నాకు ధైర్యం చెప్పడానికే అన్నారు. అందుకే ఇంకా మండింది. ఆయన స్కూటరుకి ఒక పక్క అద్దం పగిలితే ఆ రోజే చీపురుపల్లి బజారంతా తిరిగి వేయించుకొచ్చారు. రెండోది బాగానే ఉంది కదా అని ఆయన మాట ఆయనకే తిరిగి అనడం అప్పుడు తోచనందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.

మొదటి నెల ఆడపడుచు మెర్సీ కాన్పు. నర్సు వదినుండగా వేరే ఎవరెందుకన్నారు. రెండో నెల అత్త మోకాలు వాచింది. మూడో నెల చుక్కల మందు సీసా అయిపోయింది, మళ్లీ కొనలేదు. రోజూ మర్చిపోకుండా వేసుకోండమ్మా అని వందమందికి చెప్పే నోరు నాది. నాలుగో నెలకి మా చర్చి సంఘం జూబిలీ వచ్చి పడింది. మిషను దొరలు మా ఊళ్లో గుడి కట్టి నూట పాతికేళ్లయిందట. మా ఆయన సంఘం కార్యదర్శి, కాబట్టి వచ్చే పెద్దల్లో ముప్పైమందికి బస, భోజనం మా ఇంట్లో. కార్యదర్శి ఆయనైతే కత్తిపీట నాది. మిగిలిన రెండు సి.ఎల్.లూ జూబిలీ జరిగే శుక్ర, శనివారాలకి పెట్టమన్నారు. పెట్టాను. అర్జెంట్ డొమెస్టిక్ వర్క్.

మా సంఘంలో పిడికిలి బియ్యం అని ఒక పద్ధతుంది. వంటకి బియ్యం కొలిచాక, కడిగే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. అది దేవుడి వంతు. ఆదివారం ఆ బియ్యం, కుండ కదపకుండా, చిన్న గ్లాసుతో తోడి గుడ్డసంచిలో పోసి గుడికి పట్టుకెళ్తాం. ఎంత లేనింట్లోనైనా ఆ పిడికెడు ఆగదు. మా అత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి, పస్తున్న రోజుల్లో కూడా వేసిందట. నేను కాపురానికొచ్చిన మొదటి రోజే నా చేయి పట్టుకుని వేయించింది. చిన్నమూతి మట్టికుండ, గట్టు మీద కుడివైపు మూల గోడవారన ఉంటుంది. ఇన్నేళ్లలో దానికేసి చూసి వేసింది లేదు. ఎడం చేత్తో కుళాయి తిప్పుతూ, కుడి చేత్తో పిడికెడు అటు వదిలేస్తాను. చేతికి దారి తెలుసు.

ఆ సోమవారానికి ముందు రోజు, ఆదివారం, గుడిలో బియ్యం పోస్తుంటే స్త్రీల సమాజం అధ్యక్షురాలు రాజకుమారిగారు మా సంచి పైకెత్తి, ఈ మధ్య మీ ఇంటి పిడికిలి సన్నబడిందే అప్పలమ్మా అన్నారు నవ్వుతూ. నలుగురూ నవ్వారు. మా అత్త నవ్వలేదు. రాత్రి అన్నం దగ్గర కంచంలోకి చూస్తూ, దేవుడి దగ్గర కూడా గీసి గీసి వేస్తే ఇల్లు నిలబడదని ఎవరికో చెప్పినట్టు చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. పడుకున్నాక కూడా, నేను దొంగనా, నేను దొంగనా అని అదే తిరిగింది లోపల.

ఇక ఆ సోమవారం. మాత్రలు వేసుకున్నాక అత్త తన గదికి వెళ్లలేదు. పీట లాక్కుని వంటింటి గుమ్మంలో కూర్చుంది, నా చేతికి కాపలా. కావాలనే పెద్ద పిడికెడు తీశాను, చూడు ఎంత వేస్తున్నానో అని. తీసి ఎప్పటిలాగే అటు వదిలాను.

"ఓలమ్మ! ఏటే అది, బయట పోస్తన్నావు. కళ్లు కనబడ్డం లేదేటి?"

ఈ మాట నేను వెయ్యిసార్లు విన్నాను. పాలు పొంగినా, కూరలో ఉప్పెక్కువైనా ఈ ఇంట్లో అనేదదే. జవాబు చెప్పాల్సిన ప్రశ్న అని ఎప్పుడూ అనుకోలేదు. తల తిప్పి చూశాను. పిడికెట్లో సగం కుండ భుజం మీంచి జారి గోడవారన పడి ఉంది. కుండ జరిపాను. దాని వెనక వారాల బియ్యం. పాతవి, కొత్తవి, పురుగు పట్టినవి. చీమలు వరస కట్టాయి. ఎడం కన్ను మూసి, కుళాయి దగ్గర నిలబడి, ముందుకే చూశాను. కుండ లేదు. గట్టు చివర లేదు. నా కుడి చెయ్యి మోచేతి దాకా ఉంది, అవతల లేదు.

"కనబడ్డం లేదు అత్తా. కుడి కంటికి కనబడ్డం లేదు" అన్నాను.

అత్త గుమ్మం పట్టుకుని లేచింది. ఆ బియ్యాన్ని చూసింది, నన్ను చూసింది. ఎన్నాళ్లబట్టే అంది. చెప్పాను. మా ఆయన అప్పటికే ఓ.డి. మీద వెళ్లిపోయారు. ఇద్దరం గట్టు మీద బియ్యం ఏరాం. నాకు ఏడుపొచ్చింది. దొంగని కాదని తేలినందుకో, చూపు పోయినందుకో, అప్పుడు తెలియలేదు. నర్సుని, నాకు తెలియాల్సిన సంగతే. ఒక కన్ను తగ్గితే రెండోది దాని పని కూడా చేసేస్తుంది, అందుకే మనిషికి తెలియదు. పని జరిగిపోతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నా ఎడం కన్ను ఇన్ని నెలలు అదే చేసింది. నేను ఈ ఇంట్లో చేసిందీ అదే.

ఆసుపత్రికి వెళ్లగానే విశాఖకి ఫోన్ చేశాను. శనివారం పొద్దున పదకొండింటికి ఒక ఖాళీ ఉంది, అది కాకపోతే మళ్లీ మూడు వారాలకి అన్నారు. శనివారమే రాసుకోమన్నాను. మా డాక్టరమ్మ దగ్గరికెళ్లి సెలవు చీటీ వెనక్కి అడిగి, కొత్తది రాసిచ్చాను. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి, తేదీలు అవే కదా సిస్టర్, మళ్లీ ఎందుకు రాశారన్నారు. కారణం మారిందండీ అన్నాను. ఆ గడిలో ఓ.డి. అని రాయలేదు. రెండక్షరాలు రాస్తే ఎవరికి కావాల్సిన అర్థం వాళ్లు తీసుకుంటారు. 'నా కుడి కన్ను చూపించుకోవడానికి' అని మొత్తం తెలుగులో రాశాను. నా అని రాసేటప్పుడు కొంచెం సిగ్గేసింది, నిజం చెప్పాలంటే.

సాయంత్రం మా ఆయనకి చెబితే ముందు నమ్మలేదు. తర్వాత, అంత దాకా రానిచ్చావేటని నన్నే కోప్పడ్డారు. తర్వాత రోజుల లెక్కలోకి దిగారు. "జూబిలీ నాడేనా? మూడు వారాల్లో ఏటయిపోతాది?" అన్నారు. నాలుగు నెలల్లో ఏమయిందో ఆయన చేయి పట్టుకుని గట్టు దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఏరి పెట్టిన గిన్నెడు బియ్యం. ఆయన చూసి వరండాలోకి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే కుండ ఎడంవైపుకి వచ్చి ఉంది. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కుళాయి పక్కనే పెట్టారు. అత్త పీట మీద కూర్చుని ఉంది, అంత మోకాలినొప్పితో ఎప్పుడు లేచిందో. "ఇలగెట్టినాను సూడు. ఈ పక్క నీకు బాగా కనబడతాది. ఇంక ఒక్క గింజ ఒలకదు" అంది. ఎంత ప్రేమగా అందో. ఇన్నేళ్లలో నాకోసం ఈ ఇంట్లో ఒక వస్తువు జరగడం అదే మొదలు. కానీ కుండ చూస్తున్నకొద్దీ తెలిసొచ్చింది. పని ఆగకుండా ఎడం పక్కకి జరిపారు, అంతే. రేపు ఎడంది కూడా తగ్గితే ఇంకెక్కడికో జరుపుతారు.

"శనివారం పిడికిలి నువ్వే వెయ్యి అత్తా. తెల్లారి బండికి విశాఖ వెళ్తున్నాను" అన్నాను.

"మరి ముప్పైమందికి వంటో?"

"మాష్టారున్నారు కదా. ఇరవైనాలుగ్గంటలూ ఆన్ డ్యూటీ."

వెటకారంగా అనలేదు, మాత్రల సంగతి చెప్పినట్టే చెప్పాను. వరండాలో పేపరు చప్పుడు ఆగిపోయింది. అత్త అటు చూసి, నావైపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను కుండ రెండు చేతులా ఎత్తి, మళ్లీ కుడివైపు మూలన, దాని పాత చోటే పెట్టాను.

"ఇది ఇక్కడే ఉండనీ అత్తా. నాకెంత కనబడటం లేదో రోజూ నాకు తెలియాలి."

బియ్యం కొలిచాను. పిడికెడు తీసి, కుళాయి కట్టేసి, తల పూర్తిగా కుడివైపు తిప్పి, కుండ మూతినే చూస్తూ చెయ్యి విప్పాను.