ముప్పై ఎనిమిదో పేరు

చార్టయ్యకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. బస్సు డిపోలో ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో, ఎవరికి ఏ రోజు సెలవో రాసే డ్యూటీ చార్టు ఇరవై రెండేళ్ల పాటు ఆయన చేతి మీదుగానే బయటికొచ్చింది. అందుకని చార్టయ్య. తెల్లారితే చాలు, ఆయన బల్ల చుట్టూ జనం. ఒకరికి మామగారి ఆపరేషను, ఒకరికి కూతురి బళ్లో నాటకం, ఇంకొకరికి ఏమీ లేదు, ఊరికే ఒళ్లు బరువు. సెలవు దొరికినా దొరక్కపోయినా కాసేపు నిలబడి, నాలుగు కబుర్లు చెప్పి గానీ కదిలేవారు కాదు. "నా బల్లేమన్నా సత్రమా?" అని చార్టయ్య విసుక్కునేవాడు. విసుక్కోవడానికి మనుషులుండడం కూడా ఒక భోగమేనని అప్పుడాయనకు తెలియదు.

నీటికాసులనే కంటిజబ్బు ఆయన చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చి, రెండేళ్ల కిందట మొత్తం మింగేసింది. చార్టు పక్క బల్ల మీది కొత్త గుమస్తాకు వెళ్లింది. దాని వెంట జనమూ వెళ్లారు. వాళ్లను అనడానికేముంది? అవసరం ఎటుంటే కాళ్లు అటే. మొదట్లో పోతూ పోతూ "బాగున్నావా అన్నా" అనేవారు, జవాబు వినకుండానే గుమ్మం దాటేవారు. కొన్నాళ్లకు ఆ పలకరింపు కూడా అరిగిపోయింది. ఉద్యోగం పీకలేదు, జీతం ఆపలేదు. పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూడడుగుల దూరంలో పక్క బల్ల దగ్గరి నవ్వులు వింటూ కూర్చోవడమే ఆయన ఉద్యోగం.

ఒకరోజు మేనేజరు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. భుజం మీద చెయ్యేసి చెప్పే మాట ఎప్పుడూ మంచిది కాదు.

"ఒకటో తారీఖు నుంచి మీ బల్ల వెనకాల స్టోరు పక్కన వేయిస్తానండీ. ఇక్కడ రద్దీ కదా, మీకు ఇబ్బంది."

వెనకాల స్టోరు దగ్గర పాత టైర్లుంటాయి. మనుషులుండరు.

"చార్టు మళ్లీ నేనే వేస్తే?" అన్నాడు.

మేనేజరు చిన్నపిల్లాడు చందమామను అడిగితే పెద్దవాళ్లు ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాడు. "సరే, వెయ్యండి. నెలాఖరు సోమవారం లోపు చూపించండి. అప్పుడు ఆ బల్ల అక్కడే ఉంటుంది."

ఆ రాత్రి చార్టయ్య వేరే ఊళ్లో ఉన్న మేనకోడలికి ఫోను చేశాడు. ఆ పిల్ల బతుకుతెరువే ప్రోగ్రాములు రాయడం. విని గలగలా నవ్వింది. "చేత్తో ఎందుకు మామయ్యా? చార్టు కంప్యూటరే వేసేట్టు నువ్వు ప్రోగ్రాం రాయి. నేను నేర్పిస్తా." నాలుగో రోజుకు కొత్త ల్యాప్‌టాప్ ఇంటికొచ్చింది. అందులో స్క్రీన్ రీడరు అని ఒక గొంతు. తెర మీద ఏముంటే అది పైకి చదవడమే దాని పని. మీట నొక్కితే అక్షరం చెబుతుంది, బాణం నొక్కితే లైను చదువుతుంది, నొక్కకపోయినా ఏదో ఒకటి వాగుతుంది. చార్టయ్య దానికి వసపిట్ట అని పేరు పెట్టాడు.

వసపిట్టతో కాపురం అంత తేలిక కాలేదు. మొదటి వారమంతా అది చెప్పేది ఆయనకు అర్థం కాలేదు, ఆయన అడిగేది దానికి అర్థం కాలేదు. బ్రాకెట్టు తెరవడం, మూయడం, రెండు చుక్కలు, కొటేషన్లు, అన్నీ చెవితో పట్టి మనసులో పేర్చుకోవాలి. చివరికొచ్చేసరికి మొదలు జారిపోయేది. పైగా ఆఫీసులో ఆ మోత భరించలేకపోతున్నామని మేనేజరు అనడంతో, రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు తగిలించాల్సి వచ్చింది. చూపు లేనివాడికి తెర వెలుగెందుకని దాన్ని ఆర్పేయడం కూడా మేనకోడలే నేర్పింది. కొత్త గుమస్తా మొదటి రోజు పరుగెత్తుకొచ్చి భుజం తట్టాడు. "సార్, మీది ఆఫయిపోయింది!" చార్టయ్యకు రెండేళ్ల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. "నేనూ ఆఫేనయ్యా, పని మాత్రం నడుస్తోంది," అన్నాడు. ఆ జోకు ఎవరికైనా చెప్పుకుందామనుకున్నాడు. ఎవరూ రాలేదు.

రెండో వారంలో ప్రోగ్రాం మొండికేసింది. ఎన్నిసార్లు నడిపినా పద్నాలుగో లైనులో తప్పుందంటుంది. ఆ లైనును ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి యాభై సార్లు విన్నాడు. అక్షరం పొల్లు పోలేదు. మూడు రోజులు అన్నం సహించలేదు. "ఆ పెట్టెకు చెప్పుకున్న మాటల్లో సగం నాకు చెప్పకూడదట్రా?" అని ఇంట్లో తోడుగా ఉండే వాళ్లక్క నిష్ఠూరమాడింది. చివరికి ప్రోగ్రాం పంపిస్తే మేనకోడలు చూసి చెప్పింది. లైను మొదట్లో వదలాల్సిన ఖాళీ ఆయన వదల్లేదు. ఖాళీని వసపిట్ట పైకి చదవదు, అలా చదవమని దానికి విడిగా చెప్పుకోవాలి. చెప్పుకున్నాక ప్రతి లైనుకూ ముందు "నాలుగు ఖాళీలు, ఎనిమిది ఖాళీలు" అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏమీ రాయని లైనుకొస్తే ఉత్తినే "ఖాళీ" అనేది. పని లేనప్పుడు చార్టయ్య బాణం మీట నొక్కుతూ కూర్చునేవాడు. ఖాళీ. ఖాళీ. ఖాళీ. ఎవరో ఒకరు మాట్లాడుతున్నారు కదా అనిపించేది.

ఇక డ్రైవర్ల జాబితా ఎక్కించాలి. గుమస్తాను అడిగితే క్షణంలో ఇచ్చేవాడు. కానీ ఆయన పౌరుషం ఆయనది. ఈ రెండేళ్లలో విన్న గొంతులన్నీ ఒక్కొక్కటే తలచుకుని పేర్లు కొట్టాడు. దగ్గేవాడు, పాడేవాడు, ప్రతి మాటకూ ఒట్టేసేవాడు. ముప్పై ఏడు గొంతులు, ముప్పై ఏడు పేర్లు. ఒక్కడి దగ్గర మాత్రం వేళ్లు ఆగాయి. మూగనోము అని ఒక డ్రైవరుండేవాడు. పదిహేనేళ్ల పరిచయంలో పదిహేను మాటలు మాట్లాడి ఉంటాడేమో. వచ్చి బల్ల పక్కన నిలబడేవాడంతే. వాడి గొంతు ఈ రెండేళ్లలో ఒక్కసారీ వినబడలేదు. వేరే డిపోకు వెళ్లిపోయి ఉంటాడు. పోతూ పోతూ ఒక్క మాటైనా చెప్పలేదే అని చార్టయ్యకు కోపమొచ్చింది. ఆ కోపంతోనే పేరు కొట్టకుండా వదిలేశాడు.

సోమవారం మేనేజరు ముందు ప్రోగ్రాం నడిచింది. గుమస్తా రోజంతా కూర్చుని వేసే చార్టు రెప్పపాటులో వచ్చింది. మేనేజరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బల్ల ఎక్కడికీ కదలదు. చార్టు ఇక మీదే," అన్నాడు. చార్టయ్యకు కళ్లు చెమర్చాయి. తర్వాత మేనేజరు ఇంకో మాట కూడా సంతోషంగానే అన్నాడు.

"అందరి ఫోన్లకూ నేరుగా పంపించేద్దాం. సెలవు కావాలన్నా ఫోన్లోనే అడుగుతారు. ఇక మీ దగ్గరికి ఎవరూ వచ్చి విసిగించక్కర్లేదు. హాయిగా పని చేసుకోండి."

చార్టయ్య ఏమంటాడు? నెల రోజులు చెమటోడ్చి, తన బల్ల దగ్గరికి ఎవరూ రానక్కర్లేకుండా తనే ఏర్పాటు చేసుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈయన విషయంలో అడుసు కలిపింది కూడా ఈయనే.

మధ్యాహ్నం దాకా ఒక్క మనిషి రాలేదు. హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. పని లేదు. బాణం మీట నొక్కుతూ కూర్చున్నాడు. అప్పుడెవరో మోచేతిని రెండు వేళ్లతో తాకారు. చార్టయ్య ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు తీశాడు.

"అన్నా, చార్టులో నా పేరు లేదు."

ఎవరిదో గొంతు. వాడకం లేని తలుపులా కీచుమంటోంది. చార్టయ్య ఎంత తడుముకున్నా ముప్పై ఏడింటిలో ఇది లేదు.

"ఎవరు బాబూ?"



"నేనే అన్నా. మూగనోముని."

"నువ్వు వెళ్లిపోలేదూ?"

"ఎక్కడికి? ఇక్కడే ఉన్నా. రోజూ వస్తూనే ఉన్నా."

"రోజూ ఎక్కడికి?"

"ఇక్కడికే. నీ బల్ల దగ్గరికి. బస్సు తీసేముందు కాసేపు నిలబడి వెళతా. ఈ నెలంతా చెవులకి అవి పెట్టుకున్నావు కదా, పనిలో ఉన్నావనుకున్నా."

రెండేళ్లు. ఎవరూ రాలేదని అక్క దగ్గర, మేనకోడలి దగ్గర, దేవుడి దగ్గర చెప్పుకుని ఏడ్చిన రెండేళ్లు. అన్నాళ్లూ వీడు ఇక్కడ నిలబడే ఉన్నాడు. మీదికి కోపం తన్నుకొచ్చింది.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోయేదిరా? గుడ్డివాణ్ని, నువ్వొచ్చావని నాకెలా తెలుస్తుంది?"

మూగనోము గొంతు సవరించుకున్నాడు. మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటున్నట్టు వచ్చాయి.

"అప్పుడు నేనొస్తే నువ్వు తలెత్తి చూసేవాడివి అన్నా. నాకదే సరిపోయేది. తర్వాత... చూడడం మానేశావు. మాట్లాడదామనే వచ్చేవాణ్ని. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలిసేది కాదు."

బయట ఏదో బస్సు స్టార్టయ్యి, ఆగి, మళ్లీ స్టార్టయ్యింది. చార్టయ్య మొహం చేత్తో తుడుచుకున్నాడు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని జాబితా చివరికి వెళ్లాడు. పేరు రెండుసార్లు తప్పు పడింది, మూడోసారికి కుదిరింది.

"ఎక్కించాను. రేపు నీకు సెలవేమన్నా కావాలా?"

"వద్దు."

"మరి?"

జవాబు లేదు. వెళ్లిపోయాడా? చార్టయ్య చెవులు రిక్కించాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, పక్క బల్ల దగ్గర గుమస్తా కాగితాలు తిప్పుతున్నాడు. ఇంకేమీ లేదు.

"ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నా."

కాసేపాగి మళ్లీ అడిగాడు. "ఉన్నావా?"

"ఉన్నానన్నా." ఈసారి ఆ గొంతు చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి వచ్చింది.