రేపు పెడతానన్న ఊరిబిండి

తద్దినం నాడు నాయన వచ్చి తింటాడా, ఆకు చూసి తినకుండానే లేచిపోతాడా? ఇరవై రెండేళ్లుగా సుబ్రమణ్యాన్ని వదలని అనుమానం ఇది. నమ్మకం లేక కాదు. ఒక్క ఏడు కూడా అతను తిథి తప్పించలేదు. అనుమానమల్లా మిరపకాయ గురించి. తద్దినం వంటలో మిరపకాయ వేయకూడదు, కారానికి మిరియాలే. నాయనకేమో మిరపకాయ లేనిదే ముద్ద దిగేది కాదు. అందులోనూ ఊరిబిండి అంటే ప్రాణం. వేయించిన వేరుశెనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు రోట్లో వేసి దంచిన ఆ పచ్చడి ఉంటే ఆయనకు వేరే కూర అక్కర్లేదు. తిని, కళ్లు తుడుచుకుని, చెంబెడు నీళ్లు తాగి, "ఇప్పుడు తిన్నట్టుండాది" అనేవాడు.

ఆ అనుమానం కింద ఒక బాకీ కూడా ఉంది. నాయన మంచం పట్టిన ఏడాది నాయనమ్మ తద్దినాన్ని ఆయన బదులు సుబ్రమణ్యమే పెట్టాడు. ఆ మధ్యాహ్నం నాయన దగ్గరికి పిలిచి, "రవంత ఊరిబిండి నూరి పెట్టండ్రా, నోరంతా సప్పగా ఉండాది" అని అడిగాడు. ఇంట్లో మడి. ఆ పూట రోట్లో మిరపకాయ పడకూడదు. "రేపు పెడతాలే నాయనా" అన్నాడు సుబ్రమణ్యం. తెల్లారేసరికి నాయన లేడు.

ఈ ఏడు తద్దినానికి ముందురోజే కూతురు రేవతి పుత్తూరు నుంచి వచ్చింది. అక్కడ బళ్లో సోషల్ చెబుతుంది. వసారాలో కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతూ తనలో తనే నవ్వుకుంటోంది.

"ఏందమ్మా నవ్వు?"

"ఒకడు రాసినాడు నాయనా, కొలంబస్ మిరియాలు కొనేదానికి మన సత్యవేడుకు బయల్దేరి దారి తప్పినాడంట."

"దారి తప్పింది మటుకు నిజమేనా?"

"నిజమే. మిరియాలకని ఈ పక్క దేశాలకు బయల్దేరి ఇంకో భూమ్మీద తేలినాడు. ఆడ మిరియాల్లేవు, మిరపకాయలుండాయి. ఆ ఇత్తనం పడవల్లో తిరిగి తిరిగి మన దాకా వచ్చింది. అంతకు ముందు మన దేశంలో మిరపకాయే లేదు."

"మిరపకాయ మనది కాదా? మీ అమ్మ మాటలిన్నాక కూడా అట్లంటాండావా?"

"నా మాటలకు మిరియాలే సాలులే," అంది లోపల్నుంచి అతని భార్య కోమలి.

సుబ్రమణ్యం నవ్వలేదు. "మరి చెనిక్కాయ?"

"అదీ ఆడిదే."

వేరుశెనగ, నలభై ఏళ్లుగా అతను వేస్తున్న పంట. ఆ కాయ అమ్మే ఈమెను చదివించాడు. "దాన్ని మొదుట పండించినోళ్లు ఏమైనారమ్మా?"

రేవతి పెన్ను పక్కన పెట్టింది. "పడవల్లో వచ్చినోళ్లు బంగారం అడిగినారు, భూములు తీసుకున్నారు, మనుషుల్ని గనుల్లోకి తోలినారు. అన్నిటికన్నా వాళ్లతో వచ్చిన మశూచి ఎక్కువమందిని తీసకపోయింది. అంతకు ముందు ఆడ ఆ జబ్బే తెలవదు. కొన్ని ఊర్లల్లో పూడ్సేదానికి కూడా మనిషి మిగల్లేదంట. మిగిలినోళ్ల పిల్లల పిల్లలు ఇప్పుటికీ ఉండారులే, ఆ పంటలే పండించుకుంటా."

"అమ్మవారు పోసిందన్నమాట," అన్నాడు సుబ్రమణ్యం మెల్లగా. నాయన ముఖం నిండా ఆ మచ్చలు ఉండేవి. ఆయన అన్నను అదే తీసుకుపోయింది. మన అమ్మవారు అంత సముద్రం దాటి, ఏ పాపమూ ఎరగని వాళ్ల మీదికి ఎందుకు పోయిందో అతనికి అర్థం కాలేదు.

రేవతి తద్దినం కూరగాయల బుట్ట దగ్గరికి జరుపుకుని అందులోంచి ఒక చిలగడదుంప, వాళ్ల మాటలో గెనుసుగడ్డ, తీసింది. "ఇది కూడా ఆ దేశందే నాయనా."

కోమలి బయటికొచ్చింది. "ఏందే నువ్వనేది? మీ జేజి కాలం నించీ తద్దినానికి దీన్ని యేపుతాండామే."

ముగ్గురూ ఆ గడ్డ వైపు చూశారు. అదీ మిరపకాయా ఒకే దేశం నుంచి, ఒకే పడవల్లో వచ్చినవి. ఒకటి ఆకులోకి ఎక్కింది, ఒకటి గడప బయటే నిలబడిపోయింది.

మరునాడు పురోహితుడు రఘునాథ్ బండి దిగి కాళ్లు కడుక్కుంటుంటే సుబ్రమణ్యం గెనుసుగడ్డ, మిరపకాయల సంగతి చెప్పాడు. నాయన అడిగిన ముద్ద గురించి కూడా, మొదటిసారి, ఒక మనిషికి చెప్పాడు.

రఘునాథ్ చాలాసేపు తువ్వాలుతో కాళ్లు తుడుచుకున్నాడు. "గెనుసుగడ్డను ఎవురు రానిచ్చినారో నాకు తెలవదు సుబ్రమణ్యం. మా నాయన రానిచ్చినాడు, నేనూ కాదన్లేదు. మిరపకాయను రానిచ్చే అధికారం మటుకు నాకు లేదు. భోక్తల ఆకులోకి వద్దు."

"సరే స్వామీ."

"ఇను ముందు. భోక్తలు లేచినాక కాకికి పెట్టే ముద్ద ఇంటాయన సేతిది. అప్పుటికి నేను కళ్లద్దాలు తీసి సంచిలో పెట్టుకుంటా. అద్దాల్లేకుంటే నాకు మీ పెరటి గోడే కనపడదు, ఇంక దాని మింద ఏముండాదో ఏం సెప్పేది?"

తర్పణాల చివర ఒక మాట వస్తుంది. తల్లీ తండ్రీ చుట్టమూ ఎవరూ లేనివాళ్లంతా ఈ నీళ్లతో తృప్తి పడాలని. ఏటా అది గబగబా అయిపోయేది. "కొంచెం నిదానంగా సెప్పండి స్వామీ," అన్నాడు సుబ్రమణ్యం. రఘునాథ్ నిదానంగా చెప్పాడు. పేరు తెలియని, ఊరు తెలియని, మొదటి వేరుశెనగ గింజను మట్టిలో పెట్టినవాళ్లను తలుచుకుని అతను నువ్వులూ నీళ్లూ వదిలాడు.

భోక్తలు భోంచేసి లేచారు. రఘునాథ్ అద్దాలు సంచిలో పెట్టుకున్నాడు. అన్నం ముద్ద ఆకులో పెట్టుకుని పెరట్లోకి వెళ్లాకగానీ సుబ్రమణ్యానికి తట్టలేదు, ఊరిబిండి నూరమని ఎవరికీ చెప్పలేదని. ఇంట్లో రోలు ఇంకా మడిలోనే ఉంది. మళ్లీ రేపేనా?

"ఇదో, అందుకోండి."

పక్కింటి అక్కమ్మ గోడ మీదుగా అందించిన చిన్న గిన్నెతో కోమలి నిలబడి ఉంది. కొత్తగా నూరిన ఊరిబిండి, ఎర్రగా.

"నీకెవురు సెప్పినారు?"

"మీరు స్వామికి సెప్తాంటే ఇన్నాను. అక్కమ్మ రోట్లో నూరించినా." ఆమె గిన్నె ముందుకు చాపింది. "ఆ పొద్దు రేపు పెడతానన్నది మీరొక్కరే కాదు. మామ నన్నూ అడిగినాడు. నేనూ రేపే అన్నాను."

ఇరవై రెండేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఈ మాట ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. సుబ్రమణ్యం గిన్నె అందుకుని, అన్నం ముద్ద మీద సగం తాను పెట్టి, మిగతా సగం ఆమె చేత పెట్టించాడు. ముద్ద గోడ మీద పెట్టి ఇద్దరూ వెనక్కి జరిగారు.

కాకి వచ్చింది. మెడ వంచి చూసింది. అన్నం వదిలి ముందు ఎర్రటి దాన్నే పొడిచింది.

"చెంబుతో నీళ్లు పెట్టండి," అంది కోమలి కళ్లు తుడుచుకుంటూ. "ఊరిబిండి తింటే మామకు నీళ్లు కావల్ల."

సుబ్రమణ్యం వెళ్లి చెంబు నిండా తెచ్చి గోడ మీద పెట్టాడు.