మూత పడిన బిస్కెట్ల డబ్బా

భార్యకు గంజాయి టీ ఇమ్మని డాక్టరు చీటీ రాసిచ్చినా హార్మెన్ వేసవంతా ఒప్పుకోలేదు. బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. గంజాయి టీతో వృద్ధ కాన్సర్ రోగులకు వికారం తగ్గి ఆకలి పుడుతుందన్న పరిశోధనలన్నీ తిరగేసి, అవి చాలా చిన్నవనీ, ఫలితాలు పొసగడం లేదనీ తేల్చాడు. తేల్చింది తప్పేమీ కాదు. ఈలోగా కాన్సర్‌తో ఉన్న అతని భార్య రెన్‌స్కె తిండి సహించక చిక్కిపోయి, పెళ్ళి ఉంగరం వేలికి నిలవక తీసి కిటికీ గూట్లో పెట్టేసింది.

ఆ ఉంగరం కంటపడిన రోజే అతను సైకిలెక్కి మందుల షాపుకు వెళ్ళాడు.

"టీలో మీగడపాలు పొయ్యి మాస్టారూ, సారం ఉత్త నీళ్ళలో దిగదట," అంది రెన్‌స్కె.

"కొవ్వులోనే కరుగుతుందని తెలుసు. గుణమిస్తుందో లేదో, అదే తెలియదు."

"నీ జోకులకు నవ్వొస్తే గుణమిచ్చినట్టే."

కొన్నాళ్ళు మార్పేమీ కనిపించలేదు. ఒక ఉదయం పక్కింటి ఫెన్నా కాఫీకి వచ్చింది.

"గ్రోనింగెన్‌లో కాలేజీ కుర్రాళ్ళ గదులు ఇలాగే కంపు కొడతాయి," అంది ముక్కు ఎగబీలుస్తూ.

"నీకెలా తెలుసే?" అంది రెన్‌స్కె.

హార్మెన్ బిస్కెట్ల డబ్బా అందరి ముందుకూ తిప్పాడు. కాఫీకి మనిషికో బిస్కెట్టు, ఆపైన మూత. వాళ్ళమ్మ కాలం నుంచీ అంతే, ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే. రెన్‌స్కె తన బిస్కెట్టు పూర్తిగా తినేసింది. పొడిని కూడా వేలితో అద్దుకుని తిని, మళ్ళీ డబ్బా వైపు చెయ్యి చాపింది.

అప్పటికే హార్మెన్ అరచెయ్యి మూతను టక్కున నొక్కేసింది.

చాచిన చెయ్యి దారి మళ్ళి, బల్లగుడ్డ మీది ముడత సరిచేసింది.

"అయ్యో, తీసుకో, తీసుకో," అంటూ అతను కంగారుగా మూత లాగాడు.

"వద్దులే. అలవాటు నీ ఒక్కడిదా, నాది మాత్రం కాదా?"

బతిమాలితే ఒకటి తీసుకుని, కొరికి, పక్కన పెట్టేసింది. ఆకలి వచ్చిన దారినే పోయింది. ఆ తర్వాత టీతో నిద్ర పట్టేది, వికారం కొంత తగ్గేది. ఆ చెయ్యి మాత్రం ఆమె మళ్ళీ చాచలేదు. చలికాలం ముదరకముందే ఆమె పోయింది.

ఒక్క బిస్కెట్టు ఎవరినీ బతికించదని హార్మెన్‌కు తెలుసు. టీ ముందే మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో ఏ లెక్కా చెప్పదనీ తెలుసు. తెలిసినంత మాత్రాన చెవిలో ఆ టక్కుమన్న చప్పుడు ఆగలేదు.

వసంతంలో ఫెన్నా మళ్ళీ కాఫీకి వచ్చింది. బల్ల మీద డబ్బా ఉంది, మూత లేదు.

"మెత్తబడిపోయాయి హార్మెన్," అంది నములుతూ.

"తెలుసు. ఇంకోటి తీసుకో."

ఫెన్నా తీసుకుంది.